విప్పే ముందు ఒక్క మాట

మీ షెడ్డులో పాత జీపు ఒకటి ఉందనుకుందాం. మీ నాన్నగారు వేలంపాటలో కొన్నది కావచ్చు. మేనమామ తోటలో చింతచెట్టు కింద పదేళ్లుగా నిలబడిపోయింది కావచ్చు. ఆదివారం పొద్దున్నే కాఫీ తాగి, లుంగీ ఎగ్గట్టి, పానాల పెట్టె తీశారు. బానెట్ ఊడింది. ఫెండర్లు ఊడాయి. భోజనం వేళకు రేడియేటరు బయటికొచ్చింది. సాయంత్రానికి ఇంజను చైన్ బ్లాకుకు వేలాడుతోంది. ఫొటో తీసి నలుగురికీ పంపారు, నలుగురూ భేష్ అన్నారు.

సరే, ఆ ఇంజను మళ్లీ ఛాసీ మీద ఎప్పుడు కూర్చుంది?

నేను చూసిన చాలా షెడ్లలో ఈ ప్రశ్నకు జవాబు ఉండదు, ఇబ్బందిగా ఒక నవ్వు మాత్రం ఉంటుంది. నా షెడ్డులోనూ అదే. ధర్మవరంలో మా ఇంటి వెనక రేకుల కింద నా జీపు పద్నాలుగు నెలలు ముక్కలుగా పడి ఉంది. రోజూ పాలకు వెళ్లే పెద్దాయన ఒకరోజు ఆగి అడిగాడు: "ఏమప్పా, బండి విప్పి సమచ్చరం దాటిపాయ. బిగిచ్చేదుందా, కేజీల లెక్కన అమ్మేదా?" ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు చేసిన పని ఒక్కటే. మొత్తం బండిని మరిచిపోయి, వెనక ఎడమ చక్రం బ్రేకు ఒక్కటి పూర్తి చేశాను. ఆ తర్వాతే బండి కదిలింది.

జీపు బాగుచేసేవాళ్లకు నేను చెప్పగలిగిన కిటుకు అదే. ఒకసారికి ఒక్క పనే విప్పండి. దాన్ని బిగించాకే ఇంకోదాని మీద చెయ్యి వేయండి. బండి ఎప్పుడూ బండిలాగే కనిపించాలి. ముక్కలైన బండిని చూస్తే మనసు విరుగుతుంది. ఇంట్లోవాళ్లకు ఓపిక పోతుంది. చివరికి పాత ఇనుము కొనేవాడికి ఆశ పుడుతుంది.

1. కాగితం ముందు, పానా తర్వాత

మీ దగ్గరున్నది ఏ జీపో మీకు తెలుసా? మనకు అన్నీ జీపులే గానీ స్పేర్ల అంగడివాడికి అరడజను రకాలు. యుద్ధకాలపు విల్లీస్ ఎంబీ 1941 నుంచి 1945 దాకా తయారైంది. దాని బానెట్ పొట్టి, ఇంజను 2.2 లీటర్ల పెట్రోలు, 60 హార్స్‌పవర్. 1945లో మహీంద్రా అండ్ మహమ్మద్‌గా మొదలై 1948లో మహీంద్రా అండ్ మహీంద్రాగా మారిన కంపెనీ విల్లీస్ కంపెనీ జీపులనే మన దేశంలో బిగించి అమ్మింది. ఎత్తు బానెట్‌తో కనిపించేది సీజే-3బి. ఇంజను సైజు పాతదే. ఇన్‌లెట్ వాల్వులు మాత్రం బ్లాకులోంచి హెడ్డులోకి ఎక్కడంతో ఇంజను పొడుగైంది, దాని మీద బానెట్టూ లేచింది. అమెరికాలో 1953లో వచ్చిన ఈ మోడల్‌ని మన దేశంలో దశాబ్దాలపాటు తయారు చేశారు. తర్వాత డీజిళ్లు వచ్చాయి. ఎంఎం 540లో ఉన్నది ఫ్రాన్సుకు చెందిన ప్యూజో లైసెన్సుతో చేసిన 2112 సీసీ ఇంజను. ఆరు సిలిండర్ల పెట్రోలుతో మిలిటరీ వేలంలోంచి వచ్చిన వెడల్పాటి బండైతే అది జోంగా కావచ్చు. నిస్సాన్ పాట్రోల్ లైసెన్సుతో జబల్‌పూర్‌లో మన సైన్యం కోసం చేసిన బండి అది. దానికి జీపు సామాన్లు పనికిరావు.

ఇప్పుడు ఆర్సీ తీయండి. ఛాసీ మీద కొట్టిన నంబరు, ఇంజను నంబరు ఆర్సీతో కలుస్తున్నాయా? తుప్పు కింద దాక్కుని ఉంటుంది, వైరు బ్రష్షుతో మెల్లగా రుద్ది చూడండి. ఆర్సీలో పెట్రోలు అని ఉండి బండిలో డీజిలు ఇంజను కూర్చుని ఉంటే, ఆ చిక్కు తేలేదాకా ఒక్క బోల్టు కూడా విప్పొద్దు. పాత కాగితాల్లో అనంతపురం జిల్లా అని ఉంటే కంగారు పడకండి. మనది శ్రీ సత్యసాయి జిల్లా అయింది 2022 ఏప్రిల్ 4 నుంచే.

సొంత బండికి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు. ఆ తర్వాత ఫిట్‌నెస్ చూపించి అయిదేళ్లకోసారి పొడిగించుకోవాలి. దీనికి ఫారం 25. పేరు మార్పిడికి 29, 30. వేరే రాష్ట్రం బండైతే ముందు అక్కడి ఎన్‌వోసీ, అంటే ఫారం 28. 2022 ఏప్రిల్ నుంచి పాత బండ్ల రుసుములు బాగా పెరిగాయి. అందుకే ముందు ఆఫీసులో కనుక్కుని, ఆ మొత్తాన్ని కూడా బండి ఖర్చులో రాసుకోండి.

ఇంకో రెండు సంగతులు చాలామందికి తెలియవు. మొదటిది: మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కు విరుద్ధంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దీన్ని గట్టిగా చెప్పింది. అనుమతి తీసుకుని చేసే మార్పు వేరు, మనసుకు తోచినట్టు చేసేది వేరు. రెండోది: జీపు అనగానే మీ కళ్ల ముందుకు వచ్చే మిలిటరీ ఆలివ్ గ్రీన్ రంగు మీ బండికి వేయకూడదు. కేంద్ర మోటారు వాహనాల నిబంధన 121 ఆ రంగును రక్షణ శాఖ బండ్లకే వదిలింది. నేను కూడా రెండు డబ్బాలు కొన్నాకే ఈ సంగతి తెలుసుకున్నాను. ఆ రంగు ఇప్పుడు మా ఇంటి గేటుకు ఉంది.

బండికి 50 ఏళ్లు దాటి, అసలు రూపం చెడకుండా ఉంటే 2021 జులైలో వచ్చిన వింటేజ్ నిబంధన కింద కూడా నమోదు చేయించుకోవచ్చు. రుసుము 20,000 రూపాయలు, పదేళ్ల గడువు, నంబరు ప్లేటులో వీఏ అనే అక్షరాలు. కానీ ఆ బండితో రోజూ రోడ్డెక్కడానికి లేదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, ఆయిలు పోయించుకోవడానికి, మరమ్మతుకు మాత్రమే. మీకు కావాల్సింది ముచ్చటా, వాడకమా? ఇది ఇప్పుడే తేల్చుకోండి, తర్వాతి ఖర్చంతా దీని మీదే ఆధారపడుతుంది.

2. బండి కింద దూరే ముందు

ఇది చదవకుండా పేజీ తిప్పకండి.

పాత జీపు హ్యాండ్‌బ్రేకు చక్రాలను పట్టుకోదు. ట్రాన్స్‌ఫర్ కేసు వెనక చిన్న డ్రమ్ము ఒకటి ఉంటుంది, వెనక ప్రొపెల్లర్ షాఫ్టును అదే పట్టుకుంటుంది. మీరు వెనక చక్రం ఒకదాన్ని జాకీతో లేపారనుకోండి. షాఫ్టు ఆగే ఉంటుంది. కానీ డిఫరెన్షియల్ వల్ల గాల్లో ఉన్న చక్రం ఒకవైపు తిరుగుతుంటే, నేల మీది చక్రం ఇంకోవైపు దొర్లుతుంది. హ్యాండ్‌బ్రేకు లాగి ఉన్నా బండి జాకీ మీంచి దిగి వచ్చేస్తుంది. అందుకే నేల మీదున్న చక్రాలకు ముందూ వెనకా మోపులు పెట్టకుండా జాకీ తిప్పొద్దు.

ఇటుకలు, సిమెంటు హాలో బ్లాకులు పెట్టి కింద దూరేవాళ్లను చూస్తే నాకు గుండె ఆగినట్టవుతుంది. అవి ముందుగా చెప్పి పగలవు. యాక్సిల్ స్టాండ్లు కొనండి. మట్టి నేలైతే స్టాండు కింద మందపాటి ఇనుప పలక వేయండి. మన ఊళ్లో పాత ఇళ్లలో మగ్గం గుంతలు ఉంటాయి కదా, వాటిని చూసి "ఇదే పిట్టు" అని ఒకాయన సంబరపడ్డాడు. కాళ్లు పెట్టుకుని నేయడానికి తవ్విన గుంతలో పడుకుని గేరుబాక్సు దించలేమని అర్థం కావడానికి ఆయనకు ఒక పూట పట్టింది.

3. పోగు తప్పితే చీరంతా తప్పుతుంది

పడుగు అతికేవాళ్లను ఎప్పుడైనా దగ్గరగా చూశారా? అయిపోయిన పడుగు పోగుకు కొత్త పడుగు పోగును చేర్చి, వేళ్ల మధ్య ఒక్క మెలి పెట్టి, పక్కదానికి పోతారు. వేల పోగులు, ఒకటి తర్వాత ఒకటి. వరస తప్పదు. పాత పోగు అచ్చులోంచి ఊడిపోయే ముందే కొత్తది దానికి అతుక్కుని ఉంటుంది. జీపు విప్పేటప్పుడు నాకు గుర్తొచ్చేది ఈ పనే.

విప్పే ముందు ఫొటో, విప్పాక ఫొటో. బోల్టులన్నీ ఒకే డబ్బాలో వేయడం అందరూ చేసే తప్పు. ఏ చోటి బోల్టులు ఆ చోటి సంచిలో, సంచి మీద పేరు. ఇంకా మంచి దారి ఏమిటంటే, భాగం ఊడిరాగానే దాని బోల్టులు దాని రంధ్రాల్లోనే రెండు చుట్లు తిప్పి ఉంచడం. షిమ్ములు, అంటే కాగితమంత పలచని రేకు వాషర్లు, ఎక్కడ ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి రాసుకోండి. అవి చెత్త కాదు, బేరింగు బిగువు అంతా వాటిలోనే ఉంది.

తుప్పు పట్టిన నట్టు రాకపోతే? పెనెట్రేటింగ్ ఆయిలు కొట్టి రాత్రంతా వదిలేయండి. పొద్దున ముందు బిగించే వైపు కొంచెం, తర్వాత విప్పే వైపు. ఇలా ఇటూ అటూ కదిలిస్తే వస్తుంది. ఒకటి మాత్రం మరవొద్దు. పాత విల్లీస్ జీపుల్లో ఎడమవైపు చక్రాల నట్లు ఎడమ మరలు. మామూలుగా విప్పే వైపు తిప్పితే అవి ఇంకా బిగుస్తాయి. ఒక కుర్రాడు పానాకు ఆరడుగుల పైపు తొడిగి, దాని మీదెక్కి గెంతి స్టడ్డు విరిచేశాడు. స్టడ్డు కొన మీద ఎల్ అనే అక్షరం ఉందేమో తుడిచి చూడటానికి అర నిమిషం చాలు.

4. ముందు ఆగాలి, తర్వాత నడవాలి

అందరూ ఇంజనుతో మొదలుపెడతారు. నేనూ అంతే. పదేళ్లు నిద్రపోయిన ఇంజను ఒక సాయంత్రం ఒక్కసారి దగ్గి అందుకుంది. ఆ ఆనందంలో చెరువు కట్ట వైపు తీసుకెళ్లాను. కట్ట దిగేటప్పుడు పెడల్ మీద కాలేస్తే అది మెత్తగా, ఏ అడ్డూ లేకుండా, నేలకు తాకింది. పక్కనున్న కంపచెట్లలోకి తోసి బండిని ఆపాను. మోచేతుల నిండా ముళ్లు. తప్పు ఒక్క వీల్ సిలిండర్‌లోని రూపాయంత రబ్బరు కప్పుది.

ఒక్క కప్పు పోతే నాలుగు చక్రాల బ్రేకులూ ఎందుకు పోయాయి? ఎందుకంటే ఆ జీపుల్లో మాస్టర్ సిలిండర్ ఒకటే, లైను ఒకటే. ఎక్కడ కారినా మొత్తం పోతుంది.

కాబట్టి మీ మొదటి నెల బ్రేకులకే ఇవ్వండి. ఒక్కో చక్రం డ్రమ్ము తీసి, వీల్ సిలిండర్ రబ్బరు తొడుగును వేలితో పక్కకు లాగి చూడండి. లోపల తడి ఉందా? అది కారుతున్నట్టే. నాలుగూ మార్చండి, ఒకటి బాగున్నట్టు కనిపించినా సరే. రబ్బరు హోసులు, ఇనుప లైన్లు కొత్తవి వేయండి. "ఫ్రిజ్ రాగి పైపు ఉంది, వంచడం సులువు" అని ఎవరైనా చెబితే నమస్కారం పెట్టి వచ్చేయండి. రాగి అదురుకు గట్టిపడి చిట్లుతుంది. డ్రమ్ములోని దుమ్మును గాలి కొట్టి ఊదొద్దు. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది. తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డ పారేయండి. బ్రేకు ఆయిలు బదులు ఇంజను ఆయిలు పోసేవాళ్లు ఇంకా ఉన్నారు. అలా చేస్తే రబ్బర్లన్నీ ఉబ్బి ఇరుక్కుపోతాయి.

ఇక గాలి తీయడం. దీనికి ఇద్దరు కావాలి. మాస్టర్ సిలిండర్‌కు దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టాలి. మన కుడి స్టీరింగు బండ్లలో అది వెనక ఎడమది. తర్వాత వెనక కుడి, ముందు ఎడమ, ముందు కుడి. మా అమ్మాయి పెడల్ దగ్గర, నేను కింద. "నొక్కు... పట్టుకో..." నేను నిప్పుల్ తిప్పుతాను, సీసాలో బుడగలు. మళ్లీ బిగించాక, "వదులు." బిగించకముందే వదిలితే బయటి గాలి లోపలికి వెళ్లి మళ్లీ మొదటికొస్తుంది. మూడో చక్రం దగ్గర తనకు విసుగొచ్చి, "నాన్నా, కారు కొనుక్కుందాం" అంది. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019 నుంచి కియా కార్లు బారులు తీరి వస్తుంటే, పక్క ఊళ్లో కూర్చుని బుడగలు లెక్కపెడుతున్న తండ్రి దగ్గర దీనికి జవాబేముంది? నాలుగో చక్రం కూడా పూర్తి చేశాం. పెడల్ రాయిలా నిలబడింది.

ఇక్కడే మొదటి అప్‌గ్రేడ్ కూడా చెబుతాను. ముందు చక్రాలకు, వెనక చక్రాలకు వేర్వేరు లైన్లుండే టాండెమ్ మాస్టర్ సిలిండర్ వేయించుకోండి. బయటికి కనిపించదు, కానీ ఒక లైను పోయినా ఇంకోటి బండిని ఆపుతుంది. బ్రేకుల పని కాబట్టి ముందు ఆర్టీవో ఆఫీసులో అడిగి, తెలిసిన మెకానిక్కుతో కొలతలు చూపించుకునే చేయండి.

5. స్టీరింగు కొట్టుకుంటోందా?

యాభై దగ్గర ముందు చక్రాలు దడదడలాడుతుంటే చాలామంది వీల్ బ్యాలెన్సింగ్‌కు పరుగెడతారు. ముందు చక్రాన్ని లేపి, పైనా కిందా పట్టుకుని ఊపండి. ఆడితే కింగ్‌పిన్ బేరింగో, హబ్ బేరింగో. కుడీ ఎడమా పట్టుకుని ఊపితే ఆట కనిపించిందా? టై రాడ్ ఎండ్లు. తర్వాత కమాన్లు. కమాను కట్టల బుష్షులు, షాకిళ్లు అరిగితే బండి దారి వెంట కాకుండా దాని ఇష్టం వచ్చిన వైపు పోతుంది. కమాను పట్టీ ఒకటి విరిగితే ఆ ఒక్కటే కొత్తది వేయించి ఊరుకోకండి, ఎడమా కుడీ ఎత్తు కలవాలి.

6. రెండో గేరు కర్ర

ఫోర్ వీల్ డ్రైవ్ పనిచేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది? కర్ర లాగితే "టక్" మందని సంతోషపడకండి. ముందు చక్రాల కీళ్లలోని క్రాసులు, వాటి ఆయిలు సీళ్లు, ట్రాన్స్‌ఫర్ కేసు సీళ్లు చూడాలి. చక్రం లోపలివైపు గుండ్రటి గిన్నె మీద జిడ్డు కారి, దాని మీద మన ఎర్రమట్టి పేరుకుని ఉంటే సీలు పోయినట్టే.

ఆయిలు దగ్గర ఒక పొరపాటు సర్వసాధారణం. డిఫరెన్షియల్‌కు కొన్న జీఎల్-5 ఆయిలునే గేరుబాక్సులోనూ పోసేస్తారు. పాత గేరుబాక్సు సింక్రో రింగులు ఇత్తడి జాతి లోహంతో ఉంటాయి. జీఎల్-5లోని గంధకపు మందులు కొన్ని వాటిని తినేస్తాయి. గేరుబాక్సుకు జీఎల్-4 అడిగి తీసుకోండి. డబ్బా మీద చదివి తీసుకోండి, అంగడివాడి మాట మీద కాదు.

ఈ జీపుల్లో ముందు, వెనక ఇరుసుల మధ్య డిఫరెన్షియల్ ఉండదు. కాబట్టి ఎండిన తారురోడ్డు మీద ఫోర్ వీల్ వేసి మలుపులు తిరిగితే షాఫ్టులు మెలితిరిగినట్టు బిగుసుకుంటాయి, కర్ర వెనక్కి రాదు. పరీక్షించాల్సింది ఇసుకలో. మనకు చిత్రావతి ఉంది, ఏడాదిలో ఎక్కువ రోజులు అది ఇసుకే. ముందు ఫోర్ వీల్, తర్వాత లో గేరు. ఈ వరస మార్చొద్దు, ఆ రెంటినీ బండి నిలిపి వేయండి.

7. ఇంజను: విప్పాలన్న దురద ఆపుకోండి

ఏళ్లుగా ఆగిన ఇంజనుకు వెంటనే సెల్ఫు కొట్టొద్దు. ప్లగ్గులు తీసి, ప్రతి సిలిండర్‌లో రెండు చెంచాల ఇంజను ఆయిలు పోసి రాత్రంతా వదిలేయండి. మర్నాడు ముందు హ్యాండిల్‌తో చేత్తో తిప్పండి. హ్యాండిల్ పట్టుకునేటప్పుడు బొటనవేలు మిగతా నాలుగు వేళ్ల వైపే ఉండాలి, గుప్పిట మూసినట్టు చుట్టొద్దు. కిందినుంచి పైకి లాగాలి, పైనుంచి కిందికి తొక్కొద్దు. ఇంజను ఒక్కసారి వెనక్కి తన్నితే చుట్టిన బొటనవేలు విరుగుతుంది. పాత డ్రైవర్లను అడగండి, వంకర బొటనవేలు చూపిస్తూ చెబుతారు.

తిరిగితే పాత పెట్రోలు తీసేసి, ట్యాంకు కడిగి, పాయింట్లు శుభ్రం చేసి చూడండి. ఈ నాలుగు సిలిండర్ల ఫైరింగ్ ఆర్డరు 1-3-4-2. వైర్లు తారుమారైన ఇంజనును "బోరింగుకు వచ్చింది" అని తీర్పు చెప్పేవాళ్లున్నారు. కంప్రెషన్ గేజితో నాలుగూ కొలిపించండి. నాలుగూ దగ్గరదగ్గరగా ఉంటే హెడ్డు ముట్టుకోవద్దు. ఒకటి మాత్రమే బాగా తక్కువగా ఉంటే అప్పుడు ఆలోచిద్దాం.

రేడియేటరులో మన బోరు నీళ్లు పోయొద్దు. మన నీళ్లలోని ఉప్పు కెటిల్ అడుగున ఎలా గార కడుతుందో చూశారు కదా, లోపలా అంతే. డిస్టిల్డ్ వాటర్, కూలెంటు పోయండి.

పెట్రోలు జీపు ఉన్నవాళ్లకు ఇంకో మాట. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. మీ జీపు పుట్టిననాటి రబ్బరు గొట్టాలు, పంపు డయాఫ్రం దానికి తట్టుకోవు. మెత్తబడి, ఉబ్బి, వేడి ఇంజను పక్కనే పెట్రోలు కారుతుంది. ఇథనాల్‌కు తట్టుకునే గొట్టాలు అడిగి వేయండి. నెలల తరబడి నిలిపే బండిలో ట్యాంకు నిండా పెట్రోలు ఉంచొద్దు, ఇథనాల్ నీటిని పీలుస్తుంది.

8. వైర్లు

పాతవి అతికే ప్రయత్నం చేయకండి. ఆ నూలు తొడుగు వైర్లు చేతిలోనే పొడి అవుతాయి, మిగిలింది ఎలుకలు చూసుకుంటాయి. మొత్తం కొత్త వైరింగు, ప్రతి లైనుకు ఫ్యూజు, బ్యాటరీకి ఒక కటాఫ్ స్విచ్. తొలినాటి విల్లీస్ 6 వోల్టులు. 12కు మారిస్తే బల్బులు, కాయిలు, మీటర్లు కూడా చూసుకోవాలి. హెడ్‌లైట్లకు రిలే పెడితే అవే లైట్లు రెండింతలు వెలిగినట్టుంటాయి.

9. ఏది మార్చాలి, ఏది వద్దు?

బండి ప్రాణానికి, మీ ప్రాణానికి ఉపయోగపడి కంటికి కనిపించనిది ఏదైనా మంచి అప్‌గ్రేడే. డైనమో బదులు ఆల్టర్నేటర్ సరే. సీటు బెల్టులు తప్పనిసరి. వాటి బోల్టులు పలచని ఫ్లోరు రేకుకు కాకుండా కింద మందపాటి పలక పెట్టి బిగించాలి.

వద్దన్నది కూడా చెబుతాను. సినిమాల్లో చూసి లావు టైర్లు వేయకండి. ఆ ఇరుసులు, ఆ బ్రేకులు 6.00-16 సన్న టైర్లకు లెక్కేసి చేసినవి. లావు టైరు వేయగానే స్టీరింగు బరువవుతుంది, బండి ఆగే దూరం పెరుగుతుంది, మలుపులో కమానుకు రాసుకుంటుంది. సినిమావాళ్లు మన సీమకు సుమోలు అంటగట్టారు గానీ, అంతకుముందు ఈ గుట్టలన్నీ ఎక్కింది ఆ సన్న టైర్ల జీపే.

సామాన్లకు బెంగళూరు జేసీ రోడ్డు ఉంది, ధర్మవరం జంక్షన్‌లో రైలెక్కితే చాలు. అయితే పాత సామాను చేతిలో లేకుండా వెళ్లొద్దు. "జీపు వీల్ సిలిండర్" అంటే అక్కడ అయిదు రకాలు తీసి ముందు పెడతారు. నేను ఫోనులో ఫొటో చూపించి తెచ్చినది అర అంగుళం తేడాతో పట్టలేదు. ఆ చిన్న ముక్క మార్చుకోవడానికి ఇంకో రోజు పోయింది.

డబ్బు లెక్క ఒక నోటుబుక్కులో రాయండి, ఇంట్లో అందరికీ కనిపించేలా పెట్టండి. మీరు మొదట వేసుకున్న అంచనాకు సగం కలపండి. దాచిపెట్టిన బిల్లుల వల్ల ఆగిపోయిన జీపులు తుప్పు వల్ల ఆగినవాటి కన్నా ఎక్కువని నా అనుమానం.

10. రంగు అన్నిటికన్నా చివర

రంగు వేస్తే బండి అయిపోయినట్టు అనిపిస్తుంది. ఆ మోసంలో పడకండి. ముందే రంగు వేసినవాళ్లు తర్వాత బ్రేకు ఆయిలు ఒలకబోసి ఏడుస్తారు. ఆ ఆయిలు రంగును తినేస్తుంది.

మన ప్రాంతంలో వానలు తక్కువ కాబట్టి కోస్తా బండ్లంత తుప్పు మన బండ్లకు ఉండదు. అది మన అదృష్టం. కానీ ఎండకు రబ్బరు పగులుతుంది, గాలికి దుమ్ము లేస్తుంది. రామగిరి కొండల మీద గాలిమరలు జోరుగా తిరిగే జూన్ నుంచి ఆగస్టు దాకా ఆరుబయట రంగు జోలికి పోవద్దు. పొద్దున వేసిన రంగు మధ్యాహ్నానికి గరుకు కాగితమవుతుంది. కార్తీకం దాకా ఆగండి. నేల తడిపి, చుట్టూ తడి గోనెపట్టాలు కట్టి, తెల్లవారగానే మొదలుపెట్టండి. ఆర్సీలో ఉన్న రంగు కాకుండా వేరేది వేస్తే అది కూడా రాయించుకోండి.

మొదటి ప్రయాణం

అంతా అయింది. టెంకాయ కొట్టారు, నిమ్మకాయలు తొక్కించారు. ఇప్పుడు ఏకంగా లేపాక్షి వెళ్దామని పిల్లలందరినీ ఎక్కించకండి. మొదటి రోజు మీరొక్కరే, బత్తలపల్లి దారిలో అయిదారు కిలోమీటర్లు, నలభై దాటకుండా. రేడియో లేదు కాబట్టి బండి మాటే వినండి. తిరిగొచ్చాక ఇంజను ఆపి, నాలుగు చక్రాల హబ్బుల మీద అరచెయ్యి మెల్లగా ఆనించి చూడండి. నాలుగూ ఒకేలా గోరువెచ్చగా ఉంటే మర్నాడు ఇంకో పది కిలోమీటర్లు పోవచ్చు. ఒకటి మాత్రం చెయ్యి పెట్టలేనంత కాలుతుంటే అక్కడ బ్రేకు పట్టేస్తోంది, లేదా బేరింగు ఎక్కువ బిగిసింది. వచ్చే ఆదివారం ఆ ఒక్క చక్రమే విప్పండి.